మూసివేతకు కోరం

ఆ రోజు ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు తెరవగానే రిజిస్ట్రార్ గదికి వెళ్లాలి, కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి, ఇంటికి ఫోన్ చేసి అమ్మతో చెప్పాలి. అంతే. ఆమె విశ్వవిద్యాలయంలో వైవిధ్య విభాగానికి సమన్వయకర్త. విభాగమంటే ఒక గది, ఒక బీరువా, తిరగాలా వద్దా అని ఆలోచించే ఒక ఫ్యాను, ఆమె. అన్ని రకాల మనుషులకూ చదువులో, కొలువులో చోటు దొరికేలా చూడటం ఆ విభాగం పని అని తలుపు మీది బోర్డు చెప్పేది. తండ్రి దర్జీ. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే కాబట్టి, పైగా చేతులున్న కుర్చీలో కూర్చుంటుంది కాబట్టి, ఇంటిల్లిపాదీ ఆమెను ఆఫీసరమ్మ అనే పిలుస్తారు. ఆ ఉద్యోగం ఏడాదికోసారి తెగి మళ్లీ అతుక్కుంటుందన్న సంగతి వాళ్లెవరూ పెద్దగా పట్టించుకోరు. ఆమె మాత్రం రోజూ పట్టించుకుంటుంది. గడువు ఆ సాయంత్రంతో తీరుతోంది.

రిజిస్ట్రార్ కాగితం చూశాడు, బాగుందన్నాడు, పెన్ను మూత కూడా తీశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆయన లేచి నిలబడి మాట్లాడాడంటే అవతల పైవాళ్లన్నమాట. మాట్లాడినంతసేపూ అలాగేనండీ అనడం తప్ప ఇంకో ముక్క లేదు. ఫోన్ పెట్టేసి, కూర్చుని, పెన్నుకు మళ్లీ మూత పెట్టాడు.

సంగతేమిటంటే, వైవిధ్య విభాగం లేని విశ్వవిద్యాలయాలకు నిధులు ఆపేస్తామని పాత ప్రభుత్వం అన్నది. ఉన్నవాటికి ఆపేస్తామని కొత్త ప్రభుత్వం అంటోంది. విభాగం లేదని కళ్లారా చూసి పోవడానికి సాయంత్రం ఒక పరిశీలకుడు వస్తున్నాడు.

"చూడమ్మా, ఆయనొచ్చేలోపు నీ విభాగం మూసెయ్," అన్నాడు రిజిస్ట్రార్.

"మరి నా పొడిగింపు సార్?"

"విభాగమే లేకపోతే దేన్ని పొడిగిస్తాం తల్లీ? చక్కగా మూశావనుకో, మంచి సర్టిఫికెట్ రాసిస్తాను. మూయడంలో అనుభవం ఉందని."

సంతకం లేని కాగితాన్ని మడిచి చేతిలోకి తీసుకుంది. అయినా అప్పగించిన పనిని సగంలో వదిలేయడం ఆమెకు చేతకాదు. వడ్రంగిని పిలిచి బోర్డు విప్పించింది. విప్పాక తెలిసింది, బోర్డు ఉన్నంత మేరా తలుపు రంగు కొత్తగా, నిగనిగలాడుతూ ఉందని. బోర్డు ఉన్నప్పుడు ఎవరూ తలెత్తి చూడని తలుపును ఇప్పుడు దారిన పోయేవాళ్లంతా ఆగి చూడసాగారు. లోపల ఏముండేదని అడగసాగారు.

ఆ గుంపును తోసుకుంటూ సూపరింటెండెంటు వచ్చాడు. విశ్వవిద్యాలయం నిబంధనలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నిబంధన లేకుండా ఆయన తుమ్మను కూడా తుమ్మడని క్యాంటీన్‌లో చెప్పుకుంటారు.

"బోర్డు తీస్తే విభాగం పోతుందా అమ్మాయ్? అలాగైతే మా ఇంటి గేటు మీద నా పేరు చెరిగిపోయి ఎన్నాళ్లయింది, నేను పోయానా?" అన్నాడాయన.

విభాగం పోవాలంటే పాలక సంఘం తరఫున రిజిస్ట్రార్ వేసిన ప్రత్యేక కమిటీ కూర్చుని తీర్మానించాలట. పాత ప్రభుత్వం రోజుల్లో రాసిన నిబంధన అది. ఆ కమిటీలో ఒక మహిళ, దివ్యాంగులు ఒకరు, కొండ ప్రాంతం వారు ఒకరు, వేరే మాతృభాష వారు ఒకరు, ఇంట్లో మొట్టమొదటగా డిగ్రీ చదివినవారు ఒకరు ఉండి తీరాలి. ఒక్కరు తగ్గినా కోరం లేనట్టే. కోరం లేకుండా మూస్తే విభాగం తెరిచి ఉన్నట్టే లెక్క.

ఇది విని రిజిస్ట్రార్ తల పట్టుకున్నాడు. కొంతసేపటికి తల వదిలి, అయితే కమిటీ వేసెయ్యండి, అందులో ఏముంది, మన భవనంలో ఇంతమంది లేరా అన్నాడు. అందరూ కారిడార్‌లోకి వచ్చి చూశారు. పరిపాలనా భవనంలో నిజంగానే చాలామంది ఉన్నారు. అందరూ మగవాళ్లే. అందరిదీ ఒకే వయసు, ఒకే ఊరి చుట్టుపక్కల, ఒకే రకం మీసం. సగం మంది ఒకరికొకరు బావమరుదులు, మిగతా సగం కాబోతున్నవాళ్లు. తనకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి దివ్యాంగుల కుర్చీలో తానే కూర్చుంటానన్నాడు రిజిస్ట్రార్. నొప్పి పోయేది కాబట్టి కుదరదన్నాడు సూపరింటెండెంటు.

"పోనీ ఈ అమ్మాయి ఉంది కదయ్యా. మహిళ, పైగా ఇంట్లో మొదటి డిగ్రీ. రెండు కుర్చీలు నిండాయిగా."

"ఒకరికి ఒకే కుర్చీ సార్. అదీకాక మూసేది తన విభాగాన్నే. ఆమెకు ఓటు ఉండదు. కార్యదర్శిగా రాసుకోవచ్చు."

అలా తన ఉద్యోగం తీసేసే కమిటీకి మనుషుల్ని పోగుచేసే పని కూడా ఆమె నెత్తినే పడింది. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు విభాగం నుంచి విభాగానికి తిరిగింది. మధ్యలో అమ్మ ఫోన్ చేసి సంతకం అయ్యిందా అని అడిగింది. చాలా సంతకాలు కావాలమ్మా, దాని మీదే ఉన్నానని చెప్పింది. అందులో అబద్ధం లేదు.

గణాంక శాస్త్రం మేడమ్ చక్రాల కుర్చీలో ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఇక్కడే పాఠం చెబుతోంది కానీ పరిపాలనా భవనం లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఆ భవనానికి మెట్లు తప్ప వేరే దారి లేదు. ఆమె పదోన్నతి ఇంటర్వ్యూ నాడు బోర్డు సభ్యులు వరండాలో నిలబడి పైనుంచి ప్రశ్నలు అరిస్తే, ఆమె కింద ఎండలో ఉండి జవాబులు అరిచింది. సగం క్యాంపస్ ఆ ఇంటర్వ్యూ విన్నది. ఒక తోటమాలి అయితే రెండో ప్రశ్నకు ఆమె కంటే ముందే జవాబు చెప్పేశాడని చెప్పుకుంటారు.

"వస్తానమ్మా, తప్పకుండా వస్తాను. ఎలా రావాలో మీరు చెప్పండి," అన్నదామె.

సమావేశం చెట్టు కింద పెట్టుకుందామంటే సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. సమావేశ మందిరంలో జరగనిది సమావేశం కాదు. దాంతో వడ్రంగి చేత మెట్ల మీద చెక్కలతో వాలు దారి వేయించారు. చివర ఒక చెక్క తక్కువైంది. వడ్రంగి అటూ ఇటూ చూసి, పొద్దున తాను విప్పిన బోర్డునే బోర్లా పరిచి మేకులు కొట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది.

మహిళ కుర్చీకి రసాయన శాస్త్రం ప్రొఫెసరమ్మ ఒప్పుకుంది. వచ్చి భవనమంతా ఒక చుట్టు చుట్టి, ఆడవాళ్ల బాత్రూం ఎక్కడుందని అడిగింది. ఉంది, కానీ దానికి తాళం వేసి లోపల విరిగిన కుర్చీలు పడేశారు. మందులు వాడుతున్నాను, అది తెరిస్తేనే కూర్చుంటాను, లేకపోతే క్లాసుందని వెళ్లిపోతానన్నది ప్రొఫెసరమ్మ. రిజిస్ట్రార్ స్వయంగా చొక్కా చేతులు మడిచి కుర్చీలు బయటికి మోయించాడు. కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు వచ్చింది, చివరికి నీళ్లు వచ్చాయి.

కొండ ప్రాంతం నుంచి మట్టి మీద పరిశోధన చేసే ఒక విద్యార్థి దొరికాడు. నిన్నటిదాకా ఏ ఉత్సవమైనా అతన్ని ముందు వరుసలో నిలబెట్టి ఫొటో తీసేవాళ్లు. అందుకని రావడం రావడమే తల దువ్వుకుని, నవ్వుతూ వచ్చాడు. ఈసారి ఫొటో కాదు బాబూ, నీ అభిప్రాయం కావాలి అని ఆమె చెబితే, కంగారుపడి దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. వేరే మాతృభాష కుర్చీకి ఈత కోచ్‌ను తెచ్చారు. ఆయన ఏ భాష మాట్లాడతాడో ఎవరికీ తెలియదు. కొలనులో ఈలతోనే నెట్టుకొస్తున్నాడు.

ఈలోగా క్యాంపస్‌లో వేరే కబురు పాకింది. రకానికి ఒకరు చొప్పున మనుషుల్ని తీసుకుంటున్నారట, ఏవో పోస్టులట, సాయంత్రంతో ఆఖరట. ఆమె గది ముందు వరుస కట్టారు. తనది ఎడమ చేతి వాటమని ఒకడు, తన భార్యది వేరే భాష కాబట్టి తనకు సగమైనా వర్తిస్తుందేమో చూడమని ఇంకొకడు. కవలల్లో రెండోవాణ్ణని మరొకడు వచ్చాడు. మొదటివాడు ఎక్కడని అడిగితే, వాడూ ఇదే వరుసలో వెనక ఉన్నాడన్నాడు. విభాగం ఉన్నన్నాళ్లూ ఆ గది గడప తొక్కిన మనిషి లేడు. మూసే రోజున అడుగు పెట్టడానికి చోటు లేదు.

చివరి కుర్చీ ఒకటి మిగిలింది. ఇంట్లో మొట్టమొదటగా డిగ్రీ చదివినవారు. వరుసలో చాలామందే ఉంటారు కానీ, రుజువు కాగితం ఇప్పటికిప్పుడు ఎవరి దగ్గరుంటుంది? అంతసేపూ తలుపు దగ్గర నిలబడి ఉన్న సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు.

"నా సర్వీసు పుస్తకంలో ఉందమ్మాయ్. మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం సార్?"

"అడగరుగా ఎవరూ. మనకు మనం చెప్పుకుంటే బాగోదు. అందుకే నిబంధనలు బట్టీ పట్టాను. అవి నోటికి వస్తే, నువ్వెవరింటి వాడివని ఎవరూ అడగరు."

ఆమె ఒక కుర్చీ తుడిచి ఆయన ముందు వేసింది.

సమావేశం మొదలైందో లేదో పరిశీలకుడు అనుకున్నదాని కంటే ముందే దిగాడు. వాలు దారి మీదుగా నడిచి వచ్చి, తెరిచి ఉన్న ఆడవాళ్ల బాత్రూం దాటి, వరుసలో ఉన్న జనాన్ని తప్పించుకుని, సమావేశ మందిరం గుమ్మంలో ఆగాడు. చక్రాల కుర్చీ, కొండ విద్యార్థి, మెడలో ఈల వేసుకున్న కోచ్, అందరూ ఒకే బల్ల చుట్టూ. ఇలాంటి దృశ్యం ఉండకూడదనే ఆయన్ని పంపింది. మొహం జేవురించింది.

"ఏమిటిది?"

రిజిస్ట్రార్ చెమటలు తుడుచుకున్నాడు. "లేకుండా చెయ్యడానికేనండీ వీళ్లంతా. వీళ్లు లేకపోతే లేకుండా చెయ్యలేమండీ."

పరిశీలకుడు నమ్మలేదు కానీ కూర్చున్నాడు. ఈ విభాగం ఇన్నాళ్లూ ఏం చేసిందని గణాంకాల మేడమ్ అడిగింది. సమన్వయకర్త నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. వాలు దారి కావాలని, బాత్రూం తెరవాలని ఏటా రాసి పైకి పంపాను, ఏటా ఫొటోలు పంపమని జవాబొచ్చింది, ఫొటోలు పంపాను అన్నది. అలాంటి విభాగం ఉన్నా ఒకటే, పోయినా ఒకటే అని సభ్యులందరూ చేతులెత్తారు. కోచ్ అందరికంటే ముందు ఎత్తాడు, రెండు చేతులూ. తన కొలువు రద్దయినట్టు ఆమె తన చేత్తోనే రాసుకుంది. అక్షరాలు వంకర పోకుండా జాగ్రత్తపడింది.

రిజిస్ట్రార్ ఊపిరి పీల్చుకున్నాడు. పరిశీలకుడు మాత్రం లేవలేదు. ఎక్కడికి వెళ్లినా ఊడదీసిన బోర్డులే చూపిస్తున్నారని, అవి చూసి పైవాళ్లు తనను నమ్మడం లేదని, ఒక పద్ధతిగా రద్దు జరగడం ఇక్కడే చూస్తున్నానని అన్నాడు. అన్నాక ఆయనకు ఒక అనుమానం వచ్చింది.

"రేపు మళ్లీ మొలిస్తే?"

"మొలవదండీ," అన్నాడు రిజిస్ట్రార్.

"మొలవకుండా చూసేదెవరు?"

అందరూ సూపరింటెండెంటు వైపు తిరిగారు. ఆయన కళ్లు మూసుకుని చెప్పాడు. రద్దయినది రద్దయ్యే ఉందా లేదా అని నెలనెలా చూడాలంటే శాశ్వత కమిటీ ఉండాలి. రద్దు చేసిన కమిటీకే ఆ అధికారం. సభ్యులు ఇదే ప్రకారం, ఒక్క రకం కూడా తగ్గకూడదు. వాళ్లు రావడానికి దారి, ఉండటానికి వసతి విశ్వవిద్యాలయమే చూడాలి. దానికొక గది, ఒక కార్యదర్శి.

"కార్యదర్శి ఎవరు?"

సూపరింటెండెంటు గడ్డంతో ఆమెను చూపించాడు. ఆమె కాంట్రాక్టు ఈ పూటతో అయిపోయిందండీ అని రిజిస్ట్రార్ అడ్డుపడ్డాడు.

"ఇంత ముఖ్యమైన పని కాంట్రాక్టు మనిషికా? ఎప్పుడు వదిలేసి పోతుందో ఎవరికి తెలుసు? పర్మనెంటు చెయ్యండి. ఇప్పుడే. నేను చూసి వెళ్లాలి."

రిజిస్ట్రార్ పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు. ఇంట్లో అమ్మకు ఈ కథంతా ఎలా చెప్పాలో తెలియక, అయిందమ్మా అని మాత్రం చెప్పింది ఆఫీసరమ్మ. వడ్రంగి తలుపుకు కొత్త బోర్డు బిగించాడు. వైవిధ్య నిర్మూలన విభాగం అని పేరు పొడుగైంది కాబట్టి బోర్డు కూడా పాతదానికంటే పెద్దదే పట్టింది.

నెల తిరిగేసరికి కొండ విద్యార్థి పరిశోధన ముగించుకుని వెళ్లిపోయాడు, ఈత కోచ్‌కు వేరే చోట కొలను దొరికింది. కమిటీలో రెండు కుర్చీలు ఖాళీ అయి కోరం పోయింది. నిర్మూలించడానికి సరిపడా వైవిధ్యం ప్రస్తుతం విశ్వవిద్యాలయంలో లేనందున ముందుగా కొంత చేర్చుకోవాలని విభాగం తన మొదటి నివేదికలో తేల్చింది.