టిష్యూ ప్యాకెట్ల క్లస్టర్

మన జిల్లాను జ్ఞానం పొంగిపొర్లే పారిశ్రామిక క్లస్టర్‌గా మార్చి తీరుతామని పరిశ్రమల మంత్రి బసవయ్యగారు సింగపూర్‌లోని రాఫెల్స్ ప్లేస్‌లో ప్రకటించారు. పొంగినది వృథా పోకుండా ఏర్పాట్లు కూడా చేస్తామన్నారు. చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

జ్ఞానం ఎలా పొంగుతుందన్నదే నా పరిశోధన. ఇక్కడే సింగపూర్‌లో, క్లెమెంటి అనే పేటలో గది అద్దెకు తీసుకుని నాలుగేళ్లుగా అదే పనిలో ఉన్నాను. స్టైపెండ్ వచ్చే నెలతో ఆగిపోతుంది. క్లస్టర్‌కు సలహాదారు పోస్టు ఒకటుందని మంత్రిగారి పీఏ బాబ్జీ చెవిన వేశాక నా సబ్జెక్టు మీద నాకే గౌరవం పెరిగింది.

భోజనాల వేళ వారిని హాకర్ సెంటర్‌కు, అంటే చవక తిండి అంగళ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, తీసుకెళ్లాను. ఒకే తరహా కంపెనీలు పక్కపక్కన ఉంటే వాటి మనుషులు ఒకే బల్ల దగ్గర తింటారని, ఒకరికి తెలిసిన కిటుకు ఇంకొకరి చెవిన పడుతుందని, ప్రాంతం అలాగే ఎదుగుతుందని వివరించాను. మంత్రిగారు కళ్లు మూసుకుని విన్నారు.

"అయితే కావలసింది బల్లలన్నమాట."

కాదనాలి. పోస్టు గుర్తొచ్చింది. నా థీసిస్ మొత్తం ఒక్క ముక్కలో తేల్చేశారని మెచ్చుకున్నాను.

మనిషి లేని బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు ఎందుకున్నాయని వారు అడిగారు. దీన్ని ఇక్కడ 'చోప్' అంటారని, మన బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేయడం లాంటిదేనని చెప్పాను.

"మన దగ్గర తువ్వాలు తీసి అవతల పారేస్తారయ్యా. ఇక్కడ ముట్టుకోరు. అభివృద్ధంటే ఇదీ."

బాబ్జీ వెంటనే ఒక సంచీ నిండా ప్యాకెట్లు కొనుక్కొచ్చి, రాబోయే కంపెనీల పేర్న ఒక వరుస మొత్తం చోప్ చేసేశాడు. మంత్రిగారు ఆ బల్లల ముందు నిలబడి ఫొటో దిగారు.

అప్పుడు నందిత ట్రే పట్టుకుని వచ్చింది. మా జిల్లా అమ్మాయే. ఇక్కడ చిప్‌లు పరీక్షించే చిన్న కంపెనీ నడుపుతోంది. సొంతూళ్లో యూనిట్ పెట్టాలని ఆశ. మంత్రిగారిని కలుద్దువుగాని రమ్మని పిలిచింది నేనే.

ఆమె ఒక కుర్చీ లాక్కోబోతే బాబ్జీ అడ్డుపడ్డాడు.

"ఇవి కంపెనీలకండీ, మేడమ్."

"నాదీ కంపెనీయేనండీ."

"వచ్చేవాళ్లకండీ."

ఆమె నా వైపు చూసింది. నాకు సిగ్గేసింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు, ఈ ఏర్పాట్లన్నీ చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి కదా చక్రధర్, అని నాతో అన్నారు. బల్ల అంచుకు జారిన ఒక ప్యాకెట్‌ను మధ్యకు జరిపాను. ట్రేలో నూడుల్స్ చల్లారేదాకా ఆమె అలాగే నిలబడి, వెళ్లిపోయింది. సాయంత్రం ప్రెస్‌నోట్ నా చేతే రాయించారు. క్లస్టర్ మొదలవకముందే నిండిపోయింది.

ఇప్పుడు నేను సలహాదారుని. జిల్లాలో నాలుగు వందల ఎకరాల్లో బల్లలు వేయించాం. యూనిట్ పెడతామని ఎవరైనా ఫోన్ చేస్తే, ఖాళీ లేదని మర్యాదగా చెప్పడం నా ఉద్యోగం.

నిన్న నందిత ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టాను. మర్యాదగానే చెప్పాను.