నలభై ఒకటో నంబరు బిల్డింగు ఐకమత్యం

మీ వీధిలో ఇల్లు లేనివాళ్ల కోసం ఒక షెల్టరు లేకపోతే వెంటనే పెట్టించుకోండి. తాత్కాలికమైనదైనా ఫరవాలేదు, ఒక్క చలికాలం చాలు. అనుభవం మీద చెబుతున్నాను. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఉత్తరాన్ని దక్షిణమని చెప్పే అలవాటు నాకు లేదు.

మాది నలభై ఒకటో నంబరు బిల్డింగు. ఐదు అంతస్తులు, అరవై ఫ్లాట్లు, అరవై అభిప్రాయాలు. బయటి తలుపు తాళం చెడిపోయి ఏడేళ్లయింది. దాన్ని ఎవరు బాగుచేయించాలన్న విషయం మీద పదకొండు మీటింగులు పెట్టుకున్నాం. పన్నెండోదానికి ఎవరూ రాలేదు. మెట్ల దగ్గర బల్బు మాడిపోతే కింది అంతస్తువాళ్లు "మేం మెట్లెక్కం కదా" అన్నారు, పై అంతస్తువాళ్లు "మాకు చీకటి అలవాటైపోయింది" అన్నారు. పక్క ఫ్లాటు తొలొగొన్‌కూ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. అతని కారు రోజూ నా పూలమడి మీదే విశ్రాంతి తీసుకుంటుంది.

అలాంటి మాకు డిసెంబరు మొదట్లో మహర్దశ పట్టింది. మా ఆవరణలో మూతపడి ఉన్న పాత లైబ్రరీలో మార్చి దాకా ముప్పైమంది నిరాశ్రయులకు వసతి ఇస్తున్నామని నగర కార్యాలయం వాళ్లు నోటీసు అంటించి వెళ్లారు.

నోటీసు పొద్దున తొమ్మిదికి అంటించారు. మధ్యాహ్నానికి తలుపుకు కొత్త తాళం వచ్చింది. మర్నాటికి అంతస్తుకో బల్బు. ఐదో అంతస్తులో ఎంత పెద్దది పెట్టారంటే, అక్కడ పదేళ్లుగా కాపురముంటున్న పావురాలు సామాను సర్దుకుని వెళ్లిపోయాయి. తొలొగొన్ నూనెలో వేయించిన పిండి ముక్కలు, బూర్సోకులు, నింపిన గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"మాస్టారూ, ఇలాంటి టైములో కూడా మనలో మనకు పట్టింపులేంటండీ?" అన్నాడు.

పూలమడి మీద నుంచి కారు తీసేశాడు కూడా. తీసుకెళ్లి లైబ్రరీ గుమ్మానికి అడ్డంగా పెట్టాడు.

మా కమిటీ ప్రెసిడెంటు బురుల్‌కాన్ అక్క. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది గానీ, ఆ గొంతుకు టెలిఫోన్ అవసరం ఎప్పుడూ లేదు. ఆవిడ వంతులు వేసి, పగలంతా ఇద్దరిద్దరు చొప్పున ఆవరణలో కాపలా పెట్టింది. మంచులో టీ కాచే సమోవారు వెలిగింది. ఎదుటి ఫ్లాటావిడకు ముగ్గురు పిల్లలని నాకు అక్కడే తెలిసింది. ఆవిడకేమో నేను బతికే ఉన్నానని తెలిసింది. పెళ్లిళ్లు, చావులు చేయలేని పని ఒక్క నోటీసు చేసింది. ఇది వరం కాక మరేమిటి?

ఇక షెల్టరు మా ఆవరణలో వద్దని అర్జీ. రాసింది నేనే. నా జీవితంలో అంత మంచి గద్యం మళ్లీ రాయలేను. "తెలియని ఊళ్ల నుంచి వచ్చే తెలియని వ్యక్తులు" అన్న మాట దగ్గర బురుల్‌కాన్ అక్క రెండుసార్లు ఆపి చదివించుకుంది. ఒక్క సాయంత్రంలో నూట పద్దెనిమిది సంతకాలు పడ్డాయి. పోయిన అత్తగారి తరఫున కూడా తొలొగొన్ ఒకటి పెట్టాడు. బతికుంటే ఆవిడ తప్పకుండా పెట్టేదని అతని వాదన.

అర్జీ నగర కార్యాలయానికి వెళ్లింది. నకలు షెల్టరులో ఇద్దామని ఒక శనివారం మధ్యాహ్నం బురుల్‌కాన్ అక్క, తొలొగొన్, నేను బయల్దేరాం. అప్పటికి షెల్టరు తెరిచి వారమైంది. గుమ్మానికి కారు అడ్డం కాబట్టి వాళ్లు వెనక తలుపునే, చీకటి పడ్డాకే వచ్చిపోయేవాళ్లు, ఒక్కరి మొహమూ మేం చూడలేదు. అక్కడి ఇన్‌చార్జి బేగిమాయ్ అనే పాతికేళ్ల పిల్ల. తలుపు తీసి మా మొహాల కంటే ముందు మా కాళ్ల వంక చూసింది.

"బూట్లు విప్పి రండి పెద్దమ్మా. ఇప్పుడే తుడిచారు."

నేల అద్దంలా ఉంది. ముగ్గురం బుద్ధిగా బూట్లు విప్పాం. గది చివర తుడుపుకర్ర పట్టుకుని వంగిన మనిషి నడుం ఎత్తి మా వైపు తిరిగింది.

ఉల్జాన్.

పద్నాలుగేళ్లు మా బిల్డింగు మెట్లు కడిగిన మనిషి. మెట్ల కింద చిన్న గదిలో ఉండేది. రెండేళ్ల క్రితం ఆ గదిని బ్యూటీ పార్లరుకు అద్దెకిద్దామని మేమే తీర్మానించాం. ఐకమత్యం మాకు పూర్తిగా కొత్త కాదని ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ తీర్మానానికి పది నిమిషాలు పట్టింది. నేనూ చెయ్యెత్తాను. మా కోడలికి జుట్టు కత్తిరించుకోవడానికి దూరం వెళ్లే బాధ తప్పుతుందనుకున్నాను.

"రండక్కా," అంది ఉల్జాన్, మేం చుట్టపుచూపుగా వచ్చినట్టు. "మాస్టారూ, మోకాలు ఎలా ఉంది? తొలొగొన్, మీ పెద్దదానికి దగ్గు తగ్గిందా?"

తొలొగొన్ తగ్గిందని తలూపాడు. బురుల్‌కాన్ అక్క గొంతు మొదటిసారి చిన్నగా వినబడింది.

"నువ్విక్కడేంటే? నారిన్‌లో మీ చెల్లెలి దగ్గరికి వెళ్లావుగా?"

"నాకు చెల్లెలు లేదక్కా."

"మరి వెళ్లావని అందరూ..."

"మీరే అన్నారు. నేను మూట కట్టుకుంటుంటే, 'నారిన్‌లో నీవాళ్లెవరో ఒకరు ఉంటార్లే, చెల్లెలో ఎవరో, అక్కడికి వెళ్లు' అన్నారు. పెద్దవాళ్లతో వాదనెందుకని సరే అన్నాను."

"ఈ రెండేళ్లూ ఎక్కడున్నావమ్మా?" అని అడిగాను.

"మొదట్లో బజారులో ఒక కొట్టు వెనక పడుకోనిచ్చారు. అది పడగొట్టాక బస్టాండులో. పోయిన చలికాలం మంచుకు చేతి వేళ్లు రెండు పోయాయి మాస్టారూ." చూపించలేదు. తుడుపుకర్ర ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది, అంతే.

బేగిమాయ్ కలం, కాగితం తెచ్చుకుంది. "మీ అర్జీలో తెలియని వ్యక్తులని ఉందట. ఎవరెవరో చూపిస్తే రాసుకుంటాను."

"ఇది మన మనిషి. దీని సంగతి కాదు," అంది బురుల్‌కాన్ అక్క. "మిగతావాళ్ల సంగతి."

పొయ్యి పక్కన కూర్చున్న ముసలాయన తల తిప్పాడు. "నాది నలభై మూడో నంబరు బిల్డింగు తల్లీ. మీ నాన్నగారి రేడియో నేనే బాగుచేసేవాణ్ణి."

"ముప్పైమందిలో ఇరవై ఇద్దరు ఈ పేటవాళ్లే పెద్దమ్మా," అంది బేగిమాయ్.

తొలొగొన్‌కు ప్రాణం లేచొచ్చింది. "మరి ఆ ఎనిమిది మంది?"

"వాళ్ల పేటల్లోనూ అర్జీలు పెట్టారు."

బురుల్‌కాన్ అక్క నకలును నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకుంది. అక్కడే టీ తాగాం. మర్నాడు ఆవిడ పెద్ద గిన్నెతో నూడుల్సు పులుసు మోసుకెళ్లి, అందరూ తినేదాకా తిడుతూ నిలబడింది. తొలొగొన్ గుమ్మం ముందు నుంచి కారు తీశాడు. నేను రేడియో తాతతో చదరంగం ఆడి వరసగా ఆరు రోజులు ఓడిపోయాను. అర్జీ సంగతి మేం మరిచిపోయాం.

నగర కార్యాలయం మరిచిపోలేదు. నా అరవై నాలుగేళ్ల వయసులో ఆ కార్యాలయం ఏడాది లోపల జవాబివ్వడం నేను చూడలేదు. దీనికి పంతొమ్మిది రోజుల్లో వచ్చింది. ప్రజాభిప్రాయాన్ని గౌరవించి, షెల్టరును ఊరి బయట సిమెంటు గోదాముల దగ్గరికి మారుస్తున్నామని.

మంగళవారం పొద్దున్నే వ్యాను వచ్చింది. బురుల్‌కాన్ అక్క దానికి అడ్డంగా నిలబడింది.

"ఆపవయ్యా. మేం ఇంకో కాగితం రాస్తాం."

"మీరు రాసిందాని మీదే వచ్చాను పిన్నీ," అన్నాడు డ్రైవరు. "ఇదుగో, మొదటి సంతకం మీదేగా?"

ఉల్జాన్ మూటతో వ్యానెక్కింది. "లోపలికి వెళ్లండక్కా, చలిగా ఉంది. నాకేం కాదు. ఇంతకుముందు కూడా వెళ్లాను కదా."

బురుల్‌కాన్ అక్క పక్కకు జరిగింది. వ్యాను మలుపు తిరిగాక కూడా చాలాసేపు లోపలికి రాలేదు.

ఆ రోజే రెండో అర్జీ రాశాను. షెల్టరును వెనక్కి తేవాలని, మెట్ల కింద గది ఉల్జాన్‌కు తిరిగి ఇవ్వడానికి మేం సిద్ధమని. గద్యం బాగానే వచ్చిందనుకుంటాను. మోకాలితో ఐదంతస్తులూ ఎక్కాను. "మార్చి వచ్చేస్తోందిగా మాస్టారూ," అన్నారు. "మావారు ఊళ్లో లేరు," అన్నారు. "పార్లరమ్మాయి ఏమనుకుంటుంది?" అన్నారు. అత్తగారి తరఫున కూడా పెట్టవయ్యా అంటే, ఆవిడ ఒప్పుకోదని తొలొగొన్ నేల చూపులు చూశాడు. తన సంతకం మాత్రం పెట్టాడు.

బురుల్‌కాన్ అక్కది, తొలొగొన్‌ది, నాది. మూడయ్యాయి. నాలుగోదాని కోసం రెండు బస్సులు మారి గోదాముల దగ్గరికి వెళ్లాను. ఉల్జాన్ చేతి తొడుగు తీసి, మిగిలిన మూడు వేళ్ల మధ్య కలం ఇరికించుకుని, నెమ్మదిగా తన పేరు రాసింది.

నగర కార్యాలయంలో గుమాస్తా అర్జీ అంతా ఓపికగా చదివాడు. సంతకాల దగ్గర ఆగాడు.

"ఈ నాలుగో ఆవిడది ఏ ఫ్లాటు?"

"ఆవిడకు ఇల్లు లేదండీ. అందుకే కదా ఈ అర్జీ."

"ఆ సంగతి పైన ఉంది. సంతకం పక్కన చిరునామా ఉండాలి. లేకపోతే చెల్లదు," అని, ఎర్ర సిరా కలం తీసి ఆమె పేరు కొట్టేశాడు.