కెబొనాంగ్ గారు కల్పించిన ఉద్యోగం

విదేశీయులు వెళ్ళిపోతే మనవాళ్ళకు ఉద్యోగాలు వస్తాయని కెబొనాంగ్ గారు చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. నెల తిరక్కుండానే ఒక ఉద్యోగం వచ్చింది. అదీ ఆయన ఇంటికే! దాన్ని ఎవరు చెయ్యాలన్నదాని మీద ఆదివారం పొద్దున మొదలైన గొడవ, మధ్యాహ్నం జొన్నసంకటి, దంచిన మాంసం బల్ల మీదికి వచ్చినా తెమల్లేదు.

"రెండేళ్ళుగా ఉద్యోగం లేదంటున్నావుగా. మంద దగ్గరికి వెళ్ళు," అన్నారాయన కొడుకుతో.

"ఉద్యోగం లేదన్నాను నాన్నా, ఆవులు లేవన్లేదు," అన్నాడు ఫెన్యో. మార్కెటింగులో డిప్లొమా చేసినవాడు. "అక్కడ సిగ్నలుండదు. ఇంటర్వ్యూకి పిలుపొస్తే?"

"ఇక్కడ సిగ్నలు నిండుగానే ఉందిగా. ఎన్ని పిలుపులొచ్చాయేం?" అంది వాళ్ళమ్మ, వడ్డిస్తూ. "పోనీ మీరే వెళ్ళరాదూ?"

"నాకు బీపీ."

బల్ల చివర కెబొనాంగ్ గారి తల్లి మాత్రం తన సంకటి తాను తింటోంది. అసలు మంద ఆమెది. ఇక్కడికి దూరంగా, లెత్లకెంగ్ అనే ఊరవతల నలభై పశువులు. రోజూ బోరు ఇంజను తిప్పి తొట్టి నింపకపోతే వాటికి చుక్క నీళ్ళుండవు. పక్క మందవాళ్ళు దయతలచి నింపుతున్నారు. మంగళవారం దాటితే తమవల్ల కాదని కబురు పెట్టారు.

పదకొండేళ్ళు ఆ తొట్టి నింపినవాడు న్యోని, జింబాబ్వే నుంచి వచ్చిన నడివయసు మనిషి. అతన్ని ఎవరూ పొమ్మనలేదు. కెబొనాంగ్ గారు పొద్దుటి రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి, "మన పనులు మనవాళ్ళకే! ఆత్మగౌరవం ఉన్న విదేశీయుడెవడైనా నెలాఖరుకి మూట సర్దుకుంటాడు," అన్నారు, అంతే. కిందటి క్రిస్మస్‌కి ఆయనే బహుమతిగా ఇచ్చిన రేడియోలో న్యోని ఆ మాట విన్నాడు. నెలాఖరుకి గాబరోన్‌లో ఈ ఇంటికి వచ్చి బోరు తాళాలు, బూట్లు, చలికోటు, రేడియో అరుగు మీద పెట్టాడు. "బాగా మాట్లాడారయ్యా, ఎక్కడా తడబడలేదు," అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

"నిన్ను కాదయ్యా, మిగతావాళ్ళని!" అంటూ కెబొనాంగ్ గారు బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నడిచారు.

ఇందులో చింతించాల్సింది ఏముంది చెప్పండి? విదేశీయులు పోతే లాభాలు ఒకటా, రెండా? పనిమనిషి జింబాబ్వేలో తన ఊరు బులవాయో వెళ్ళిపోయాక ఎదురింటి టీచరమ్మకు తన ఇంట్లో ఎన్ని గదులున్నాయో తెలిసింది. పాస్టరు గారి ప్రహరీ మోకాలెత్తు లేచాక మేస్త్రీ మాయమయ్యాడు. ఇప్పుడు మా వీధి మేకలు కూడా క్రమం తప్పకుండా ఆయన పెరట్లో ప్రార్థనకు వెళ్తున్నాయి. ఈ ఊళ్ళో ఏ పని ఎవరు చేస్తున్నారో ఇన్నాళ్ళూ మాకెవరికైనా తెలిసిందా? వాళ్ళు వెళ్ళాకే కదా!

భోజనం మధ్యలో గేటు దగ్గర ఎవరో పిలిచారు. ఓల్డ్ నలేడి బస్తీ నుంచి మొలాపిసి అనే మనిషి. కాపరి కావాలని విని వచ్చాడు. నిఖార్సైన మోత్స్వానా, ఈ దేశపు మనిషే. గుర్తింపు కార్డు చేతిలోనే ఉంది.

"పశువుల మధ్యే పెరిగాను అయ్యగారూ. ఇంజను విప్పి మళ్ళీ బిగించగలను."

కెబొనాంగ్ గారు లేచి వెళ్ళి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నారు. "చూశారా? నేను చెప్పలేదూ?" అన్నారు ఇంట్లోవాళ్ళ వైపు తిరిగి.

"ఒకటో తారీఖు నుంచి వస్తాను. చట్ట ప్రకారం జీతం, వారానికో రోజు సెలవు. అదంతా కాగితం మీద రాసిస్తే చాలు."

ఆయన చేతులు మెల్లగా సడలాయి. "న్యోని పదకొండేళ్ళలో ఒక్క ఆదివారం అడగలేదయ్యా."

"అందుకేగా అయ్యగారూ, పదకొండేళ్ళూ నాకు పని దొరకనిది."

ఆలోచించి చెప్తానని అతన్ని సాగనంపి, కెబొనాంగ్ గారు బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "రేపు పొద్దున్నే అలా రోడ్డు వైపు వెళ్ళొస్తాను. కూలికి నిలబడే జింబాబ్వే వాళ్ళలో అణకువ గలవాడు ఎవడైనా దొరక్కపోడు."

ముసలావిడ చేతులు కడుక్కుని, శాలువా అంచుతో తుడుచుకుంది.

"ఫెన్యో, ఆ మనిషి బస్సెక్కేలోపు పరిగెత్తి తీసుకురా. మంద నా పేరు మీద ఉంది, కాగితం నేను రాసిస్తాను. అడిగినవన్నీ."

"ఒకటో తారీఖు ఇంకా మూడు వారాలుందమ్మా. అందాకా నీళ్ళు ఎవరు పెడతారు?" అన్నారు కెబొనాంగ్ గారు.

"మన పనులు మనవాళ్ళకే అన్నావుగా నాయనా. నీకంటే మనవాడు ఎవడున్నాడు? ఆఫీసులో సెలవులు మురిగిపోతున్నాయని నువ్వేగా అన్నావు. రేపు తెల్లారగానే బయల్దేరు." ఆవిడ గొంతు పెంచలేదు. "న్యోని బూట్లు అరుగు మీదే ఉన్నాయి. ఆ రేడియో కూడా తీసుకెళ్ళు. అక్కడ బాగా వినబడుతుందట."