మాణిక్యమ్మ ముక్తి ధ్రువపత్రం

వసతిగృహంలో వంటమనిషిగా పనిచేస్తున్న గుత్తుల మాణిక్యమ్మకు సోమవారం ఉదయం గంజి వారుస్తుండగా మోక్షం వచ్చింది. పాదాలు నేలకు జానెడు ఎత్తున ఆగిపోయాయి. ఆవిడ గంజి పూర్తిగా వార్చి, గిన్నె మీద మూత పెట్టి, వార్డెనుకు కబురు చేసింది.

వార్డెను నిబంధనలు తిరగేశాడు. ముక్తి పొందిన సిబ్బంది ధ్రువపత్రం లేకుండా పొయ్యి దగ్గర ఉండకూడదు. వారంలోగా తేకపోతే ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని. మాణిక్యమ్మ మర్నాడే బస్సెక్కింది. దారి పొడుగునా రాడ్డు గట్టిగా పట్టుకుని ఉంది. పట్టు వదిలితే వెనక సీట్ల దాకా జారిపోతోంది.

జిల్లా ముక్తి కార్యాలయంలో జ్ఞానానికి, భక్తికి, కర్మకు వేరువేరు కౌంటర్లు ఉన్నాయి. చదువు రాదని జ్ఞానం వాళ్లు భక్తికి పంపారు. ఇష్టదైవం ఎవరని భక్తి వాళ్లు అడిగారు. రెండొందల మందికి టిఫిన్లు అయ్యేసరికి మధ్యాహ్నం వంటకు వేళవుతుందని, దణ్ణం పెట్టుకునే తీరికే దొరకలేదని ఆవిడ చెప్పింది. వాళ్లు కర్మకు పంపారు.

కర్మ గుమస్తా శిష్ట్లా నరహరి మంచివాడు. కుర్చీ వేయించాడు. ఆవిడ దాని మీద జానెడు ఎత్తున కూర్చుంది. ఫారంలో ప్రశ్న ఒక్కటే: ఫలితం ఎప్పుడైనా ఆశించారా?

మాణిక్యమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"పప్పు బాగుందని ఎవరైనా అంటే బాగుండునని ఉండేదండి బాబూ."

నరహరి కలం ఆపాడు. నిబంధనల్లో లేకపోయినా, ఎవరైనా అన్నారా అని అడిగాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి అన్నాడని, ఆ రోజంతా తను నవ్వుతూనే ఉందని ఆవిడ చెప్పింది. అలాగైతే ఇంకా కష్టమన్నాడు నరహరి.

"ఎప్పుడూ ఆశించలేదని రాసేస్తానమ్మా. మీరు ఊఁ అనండి చాలు."

"అబద్ధం కదండీ?"

"ధ్రువపత్రం కోసమే కదమ్మా."

ఈపాటికి అక్కడ ఎవరు వండుతున్నారో, పిల్లలు సరిగ్గా తింటున్నారో లేదో అని ఆవిడకు బెంగ పట్టుకుంది. ఊఁ అంది. అనగానే కుర్చీలో కూలబడింది. పాదాలకు గచ్చు చల్లగా తగిలింది. నరహరి చూడనట్టు ముద్ర వేశాడు. ముక్తురాలి పాదాలు నేలకు జానెడు ఎత్తున ఉన్నట్టు ఆ కాగితంలో స్పష్టంగా రాసి ఉంది.

వరండాలో ఓ ముసలి నేతకారుడు బల్లకు పైన తేలుతూ కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలలుగా తిరుగుతున్నానని, ఆవిడ పని ఇంత తొందరగా ఎలా అయిందని అడిగాడు. మాణిక్యమ్మ పక్కన కూర్చుని ఓపికగా చెప్పింది. ఆయన లోపలికి వెళ్లి, కాసేపటికి చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచి వచ్చాడు. ఆవిడకు రెండు చేతులూ జోడించాడు.

ఇది కార్యాలయానికి నచ్చింది. ఇప్పుడు ప్రతి శనివారం మాణిక్యమ్మ వంట ముగించుకుని ఆ వరండాలోకి వస్తుంది. ఫ్యాను కింద చోటు ఇచ్చారు. ఎవరెన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఏడాది తిరిగేసరికి ముక్తుల సంఖ్యలో ఆ జిల్లా మొదటి స్థానానికి వచ్చింది. గాలిలో ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.