పార్టీకి తూర్పు గుమ్మం

ఆ గురువారం తాతబ్బాయి గారి కార్యక్రమం చాలా సాదాగా ఉంది. ఉదయం తొమ్మిదీ నలభైకి పార్టీ ఆఫీసు దక్షిణ గుమ్మం మూసేయాలి. పదకొండూ పదికి తూర్పు గుమ్మం తెరవాలి. విజయవాడ నుంచి వచ్చే పరిశీలకుడికి పులిహోర పెట్టి, పార్టీ బ్రహ్మాండంగా ఉందని నమ్మించి బస్సెక్కించాలి. ఆ తర్వాత ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చాలి.

సంప్రదాయ ప్రజా పార్టీకి ఆయన ఇరవై ఏడేళ్ళుగా నర్సీపట్నం పట్టణ అధ్యక్షుడు. మొన్నటి ఎన్నికల్లో ఆ పార్టీకి రాష్ట్రంలో ఉన్న పంతొమ్మిది సీట్లూ ఊడ్చిపెట్టుకుపోయాయి. నర్సీపట్నంలో అయితే నోటా కూడా వాళ్ళని దాటి ముందుకెళ్ళింది. దాంతో అధిష్ఠానం పార్టీని పునర్నిర్మించాలని తీర్మానించి, పనికిరాని శాఖల్ని మూసేసి అనకాపల్లిలో కలిపేయమంది. ఏది పనికొస్తుందో ఏది రాదో చూడ్డానికి ఊరికొక పరిశీలకుణ్ణి పంపుతోంది.

శాఖ పోతే అధ్యక్ష పదవి పోతుంది. పదవి పోతే పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ పోతుంది, టీ కొట్టులో సాసరు పోతుంది, బజార్లో ఎదురైనవాడు నమస్కారం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తాడు. అలాంటి రోజు వస్తుందేమోనని తాతబ్బాయి గారు నిజంగానే భయపడ్డారు. పదిహేను రోజులుగా ఆయనకి అన్నం సయించడం లేదు.

ఓటమికి కారణం కనిపెట్టడానికి కార్యవర్గం మూడుసార్లు కూర్చుంది. మనం జనంలోకి వెళ్ళలేదని ఒకాయన అన్నాడు. ఆడవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక బజారుకి రాకూడదని మేనిఫెస్టోలో రాయడం వల్ల ఆడవాళ్ళ ఓట్లు పోయాయని ఉపాధ్యక్షుడు కన్నబాబు అన్నాడు. ఇద్దర్నీ కూర్చోమన్నారు. మూడోసారి సిద్ధాంతి గారిని పిలిపిస్తే, ఆయన లోపలికి కూడా రాకుండానే, ఆఫీసుకి ఉన్న ఒక్క గుమ్మమూ దక్షిణానికి ఉందని చెప్పారు. తప్పు గుమ్మానిదని తేలగానే అందరి మొహాలూ తేటపడ్డాయి.

సిద్ధాంతి గారు పద్ధతి కూడా చెప్పారు. ముందు పాత గుమ్మం మూయాలి. ఆ సమయానికి పెద్దలంతా లోపలే ఉండి, కొత్త గుమ్మంలోంచి మొదటి అడుగు బయట పెట్టాలి. మూసిన గుమ్మం నలభై రోజులదాకా తెరవకూడదు, తెరిస్తే ఫలితాలు తారుమారవుతాయి. ఇది చెప్పి ఆయన కోటవురట్లలో ఎవరిదో గృహప్రవేశం ఉందని వెళ్ళిపోయి ఫోను కట్టేసుకున్నారు.

అభ్యంతరం చెప్పినవాడు తాపీమేస్త్రి కొండన్న ఒక్కడే.

"ముందు తూర్పు గోడ కొట్టీసి, ఆనక ఇది మూసేద్దుమండీ. తలుపు లేకుండా లోపలెలాగుంటారు?"

"నీకు గోడ కట్టడం తెలుసు, ముహూర్తాలు తెలుసేటి? గంటన్నరే గదా. కట్టు బేగి," అన్నారు తాతబ్బాయి గారు.

పరిశీలకుడు రమేష్‌బాబు తొమ్మిదింటికే దిగాడు. షుగరు మనిషి, రాత్రంతా బస్సు ప్రయాణం. ముఖ్య అతిథి కదా అని ఆయన్నీ లోపల కుర్చీలో కూర్చోబెట్టారు. కార్యవర్గంతో కలిపి మొత్తం ఏడుగురు. సరిగ్గా తొమ్మిదీ నలభైకి కొండన్న బయటినుంచి ఇటుక మీద ఇటుక పేర్చడం మొదలుపెట్టి, పదింబావుకి గుమ్మం ఉన్న జాడ లేకుండా చేశాడు. మేస్త్రి పనితనం మెచ్చుకోవాల్సిందే. ఇక గదికి మిగిలింది రోడ్డు వైపు ఇనపచువ్వల కిటికీ ఒక్కటే.

తూర్పు వైపు సందులోంచి గోడ కొడతానని వెళ్ళిన కొండన్న, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

"అక్కడ సందు లేదండి."

"సందు లేకపోడవేటి? నా చిన్నప్పట్నుంచీ ఉన్నాది."

"ఉండేదండి. పక్కింటి మహాలక్ష్మమ్మ గారు ఆరేళ్ళ కిందటే దానికి స్లాబేసి దేవుడి గది సేసీసుకున్నారు. సింవాచలం అప్పన్న పటం మన గోడకే తగిలించి ఉంది. కొట్టీమంటే కొట్టేస్తాను. మీరే సెప్పాల."

ఇంటింటికీ సంప్రదాయం అంటూ మూడు ఎన్నికలు తిరిగిన పార్టీ, పక్కింటికి ఒక్కసారైనా వెళ్ళలేదని అప్పుడు బయటపడింది. రమేష్‌బాబు డైరీ తీసి ఏదో రాసుకున్నాడు.

"పోనీ, ఇప్పుడు కట్టిన గోడే తీయించండి," అన్నాడు రమేష్‌బాబు.

"నలభై రోజులు తియ్యకూడదండీ."

"దేవుడి గది గోడ కొట్టించండి మరి."

"మన పార్టీ దేవుడి గది కొట్టిందంటే ఇంకేటైనా ఉందాండీ? మా ఇంట్లో ఓట్లు కూడా పడవు."

"అంటే నలభై రోజులు ఇక్కడే ఉంటామా?"

కన్నబాబు ఫోను తీసి, చువ్వల దగ్గర నిలబడ్డ అధ్యక్షుడికీ పరిశీలకుడికీ ఓ ఫోటో తీశాడు. కింద, "నాయకులం లోపలే ఉన్నాం. బయటికి రాలేని పరిస్థితి. కార్యకర్తలు ఆందోళన చెందవద్దు," అని రాసి పార్టీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పాపం, అతనిది మంచి ఉద్దేశమే.

ఆందోళన చెందవద్దని చెబితే చెందనివాళ్ళు ఎవరుంటారు? పావుగంటలో ఆ ఫోటో రోలుగుంట చేరింది. అక్కడినుంచి "నర్సీపట్నంలో నాయకుల నిర్బంధం" అనే పేరు తగిలించుకుని తిరిగొచ్చింది. పదకొండింటికల్లా ఆఫీసు ముందు రెండు వందలమంది పోగయ్యారు. ఆటోలు ఆగిపోయాయి. ఏజెన్సీ వైపు వెళ్ళే బస్సులోంచి జనం దిగి మరీ చూశారు. నాయకుల ఇళ్ళకి కాపలా పెట్టడం అందరూ చూసిందే గానీ, గుమ్మానికి గోడ కట్టేయడం ఎక్కడా చూడలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఎస్సై వచ్చి, తాము ఎవర్నీ నిర్బంధించలేదని మర్యాదగా చెప్పాడు. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని అర్థమైందన్నట్టు తలలూపారు. గెలిచిన పార్టీ కుర్రాళ్ళు పదిమంది వచ్చి ఈ పాపం తమది కాదని ప్రమాణం చేశారు. అయినా నమ్మకం కుదరలేదేమోనని, "విడుదల చెయ్యాలి" అంటూ అందరికన్నా గట్టిగా వాళ్ళే అరవసాగారు. టీవీ విలేకరి కొండన్నని పట్టుకుని గోడ ఎవరు కట్టారని అడిగాడు.

"నానే కట్టానండి. తాతబ్బాయి గారే కట్టమన్నారండి."

అంత చక్కటి నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. మేస్త్రిని ఎవరో బెదిరించి ఉంటారని, పాపం పిల్లలు గలవాడని జాలిపడ్డారు.

లోపలినుంచి ఇదంతా చూస్తున్న తాతబ్బాయి గారికి భయం పోయి ఛాతీ పొంగింది. భోజనం పొట్లం ఇవ్వకుండా తన సభకి ఇంతమంది రావడం ఇరవై ఏడేళ్ళలో ఇదే మొదలు. ఆయన చువ్వలు పట్టుకుని, తమ పార్టీని ఏ గోడలూ ఆపలేవని ఉపన్యాసం అందుకున్నారు. చప్పట్లు దద్దరిల్లాయి. ఇంతలో అధిష్ఠానం నుంచి ఫోను వచ్చింది. జిల్లా జిల్లాకీ నిరసనలు చేయిద్దామా అని అడుగుతున్నారు. రమేష్‌బాబు చెమటలు తుడుచుకుంటూ, కాస్త ఆగమన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. అది భావావేశం కాదు, టిఫిను తిని ఆరు గంటలు కావడం.

పులిహోర కారియరు పట్టుకుని తాతబ్బాయి గారి భార్య జోగులమ్మ వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆవిడ ఆ పార్టీకి మహిళా విభాగం అధ్యక్షురాలు. ఇరవై ఏడేళ్ళుగా ఆ పేరు కాగితం మీద ఉంది గానీ, ఆడవాళ్ళు ఆఫీసు గడప తొక్కకూడదన్న నియమం ఉండడంవల్ల మనిషి ఎప్పుడూ లోపలికి రాలేదు. ఆవిడ జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి కారియరు చువ్వల మధ్య దూర్చబోయింది. పట్టలేదు.

"ఏటిదంతా?" అంది మొగుణ్ణి చూసి.

ఊరందరికీ ఉపన్యాసమిచ్చిన మనిషి ఆవిడ ముందు మాత్రం గొంతు తగ్గించి జరిగింది జరిగినట్టు చెప్పారు.

జోగులమ్మ కారియరుతో సహా పక్కింటి వెనక గుమ్మం వైపు నడిచింది. ఆవిడా మహాలక్ష్మమ్మా పదేళ్ళుగా ఒకే డ్వాక్రా గ్రూపు. సంగతి విన్న మహాలక్ష్మమ్మ పొయ్యి కట్టేసి చేతులు కడుక్కుంది.

"దానికేటమ్మా, అప్పన్నని ఎదర గోడకి ఎట్టుకుంటాను. మీ ఆయనొచ్చి ఒకపాలి అడిగుంటే పొద్దున్నే తీసీదాన్ని. ఇన్నేళ్ళనుంచి పక్కనే ఉన్నాం, ఒక్క ఓటైనా అడిగిన పాపాన పోలేదు."

ఇద్దరూ కలిసి కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని పటం మార్చారు. కొండన్న గునపం తీశాడు. మొదటి దెబ్బ పడగానే గోడ అవతలినుంచి తాతబ్బాయి గారి గొంతు వినిపించింది.

"జోగులూ, ఇప్పుడే రాహుకాలం మొదలైపోనాది. మూడింటి దాకా ఆగండే."

"మీరు ఆగండి. ముందు ఆ సుగరాయన్ని పంపించండి," అంది జోగులమ్మ.

మనిషి పట్టేంత కన్నం పడ్డాక ఒక్కొక్కరే మోకాళ్ళ మీద పాకుతూ దేవుడి గదిలోకి వచ్చారు. వచ్చినవాడు వచ్చినట్టు ఎదురుగా ఉన్న అప్పన్నకి తల వంచక తప్పలేదు. రమేష్‌బాబు మహాలక్ష్మమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని రెండు పళ్ళేల పులిహోర తిన్నాడు. ఆయన మొహంలో మళ్ళీ మనిషి కళ వచ్చింది.

రోడ్డు మీద జనం మాత్రం ఖాళీ కిటికీని చూసి ఇంకా నినాదాలిస్తూనే ఉన్నారు. తాతబ్బాయి గారు కండువా సర్దుకున్నారు. ప్రజాగ్రహానికి తలొగ్గి తమని విడుదల చేశారని ప్రకటించాలని ఆయన ఆలోచన. ఆయన మహాలక్ష్మమ్మ ఇల్లంతా దాటి వీధిలోకి వచ్చేసరికే జోగులమ్మ ఓ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడి ఉంది.

"ఎవులూ ఎవుల్నీ అరెస్టు సెయ్యలేదు బాబూ. ఓడిపోయింది గుమ్మం వల్లని మావోలే లోపల కూకుని గోడ కట్టించుకున్నారు. దారి లేకపోతే మహాలక్ష్మమ్మ గారు ఆవిడ దేవుడి గదిలోంచి గోడ కొట్టనిచ్చారు. పొద్దున్నుంచి మాకోసం ఎండలో నిలబడ్డారు, ఆకలేసుంటాది. ఇంకా పులిహోర వండుతున్నాం, తినెల్లండి."

తాతబ్బాయి గారు సర్దుకున్న కండువా తీసి చేత్తో పట్టుకున్నారు. కుర్చీ, సాసరు, నమస్కారాలు అన్నీ అయిపోయాయనుకున్నారు. అంతలో ముందు వరసలో ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు రోడ్డు చివరిదాకా పాకింది. ఎస్సై టోపీ తీసి మరీ నవ్వాడు. ఒక్కరూ ఇంటికి పోలేదు. డ్వాక్రా ఆడవాళ్ళు గంగాళం దించుతుంటే, ఆ పార్టీ పేరేమిటని మొదటిసారి కొందరు అడిగి తెలుసుకున్నారు.

రమేష్‌బాబు అరుగు మీద కూర్చుని అక్కడికక్కడే నివేదిక రాసి చదివాడు. నర్సీపట్నం శాఖని మూయనక్కర్లేదు, జనం ఉన్నారు. తాతబ్బాయి గారికి కళ్ళు చెమర్చాయి. పార్టీని మళ్ళీ కట్టుకోవాలంటే పక్కింటి తలుపు తట్టగల మనిషి కావాలి కాబట్టి, పట్టణ అధ్యక్షురాలిగా జోగులమ్మ గారిని నియమించడమైనది. ఇది రెండో వాక్యం.

"మన నియమావళి ప్రకారం ఆడవాళ్ళు ఆఫీసులోకి..." అన్నారు తాతబ్బాయి గారు.

"ఆఫీసులోకి ఇప్పుడు ఎవరూ వెళ్ళలేరు కదండీ. అక్కడ గుమ్మమే లేదు," అన్నాడు రమేష్‌బాబు. పాతాయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక గౌరవ సలహాదారు అనే పదవి ఒకటి అప్పటికప్పుడు సృష్టించి, ఆయన పేరు కింద రాశాడు.

గౌరవ సలహాదారు హోదాలో తాతబ్బాయి గారు ఆ సాయంత్రమే తొలి సలహా ఇచ్చారు. దాన్ని పరిశీలిస్తామని అధ్యక్షురాలు తెలియజేశారు.