ఎల్సా సరస్సు కట్టుదిట్టాలు

"ఇకమీదట ఎల్సా సరస్సులోకి బయటి నీటిబొట్టు ఒక్కటి రాదు. సరస్సు బొట్టు ఒక్కటి బయటికి పోదు" అని మా కౌంటీ కమిషనర్ డ్వేన్ క్విస్టాడ్ గారు రెండేళ్ళ కిందట ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ రోజు జోరున వాన. కమిషనర్ గారు గొడుగు కింద నిలబడి, వాన ఊసెత్తకుండా ప్రసంగం ముగించారు. అంతటి నిబ్బరం మిన్నెసోటా మొత్తంలో ఇంకెవరికీ లేదు.

బయటి నీళ్ళంటే భయం దేనికంటే, వాటితో చారల ఆల్చిప్పలు వస్తాయి. వేలిగోరంత ఉంటాయి. వాటి పిల్లలైతే కంటికే ఆనవు. ఒకసారి దిగాయంటే రాళ్ళకీ పడవలకీ గుత్తులుగా పట్టుకుని అరికాళ్ళని బ్లేడులా కోస్తాయి. పక్కనున్న హాల్వర్ సరస్సుకి అదే జరిగింది. అక్కడ ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు కిటికీలకి చెక్కలు కొట్టి వెళ్ళిపోయారు.

మా పక్కింటి మార్లిస్‌కి రేవుని ఆనుకునే ఎనిమిది అద్దె ఇళ్ళున్నాయి. మొగుడు పోయాక ఆవిడకున్న ఆధారం అవే. పిల్లల్ని వట్టికాళ్ళతో నీళ్ళలోకి వదిలెయ్యొచ్చనే పట్నంవాళ్ళు ఏటా వేసవికి ఆమె దగ్గరకొస్తారు. అందుకే మార్లిస్ నాలుగేళ్ళు కౌంటీ ఆఫీసు చుట్టూ తిరిగి, ఇంటింటికీ వెళ్ళి సంతకాలు పోగేసి ఈ చట్టం తెప్పించింది. మొదటి సంతకం నాదే.

చట్టంలో మూడే సెక్షన్లు. ఒకటి, ఆ ఆల్చిప్పల్ని రోడ్డుమీద తీసుకెళ్ళరాదు. రెండు, రేవు దాటే ఏ పాత్రలోనూ నీళ్ళుండరాదు, ఉంటే అక్కడికక్కడే ఒంపెయ్యాలి. మూడు, సరస్సులో తడిసినది ఏదైనా ఐదు రోజులు ఎండాలి.

అమలు చెయ్యడానికి వెర్లిన్ గారిని వేశారు. ఆయన ముప్ఫై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపి, ఒక్కనాడూ టైముకి నిమిషం ముందు కదిలించని మనిషి. నారింజరంగు కోటు తొడుక్కుని రేవు దగ్గర కుర్చీ వేసుకున్నారు. మొదటి వారంలోనే ఎరల బకెట్లూ, ఐసు పెట్టెలూ, పాస్టర్ గారి ఫ్లాస్కులో వేడినీళ్ళూ ఒంపించారు. తర్వాత మా ఊరి ఆర్విడ్ తెచ్చిన కుక్కని ఆపారు.

"ఇది నీళ్ళలో దిగిందా?"

"కుక్కండీ. దిగకుండా ఎలా ఉంటుంది?"

"ఐదు రోజులు ఎండాలి."

"ఎక్కడ?"

"ఇక్కడే. నీడలో ఉంటే చెల్లదు."

అంతలో రెండు అడవిబాతులు ఎగురుకుంటూ వచ్చి సరస్సులో దిగాయి. "మరి వాటి సంగతో?" అన్నాడు ఆర్విడ్.

వెర్లిన్ గారు చట్టం కాగితం రెండువైపులా తిప్పి చూశారు. "అవి రేవు గుండా రాలేదు" అన్నారు.

కుక్క ఐదు రోజులూ రేవులోనే ఉంది. కుక్కతో ఆర్విడూ ఉన్నాడు.

మే నెలలో చేపల వేట మొదలయ్యే శనివారం రేవులోనే ప్రారంభోత్సవం పెట్టారు. మార్లిస్ కాఫీ పోసింది. నేను పుల్లటి రూబార్బ్ కాడల కేకు పంచాను. కమిషనర్ గారు ఊరగాయల గాజుసీసా ఒకటి పైకెత్తి చూపించారు. అందులో నీళ్ళు, నీళ్ళలో పన్నెండు చారల ఆల్చిప్పలు.

"మన శత్రువు ఇదే. హాల్వర్ నుంచి నేనే స్వయంగా పట్టుకొచ్చాను."

"బతికున్నవా, డ్వేన్?" అంది మార్లిస్.

"చచ్చినవాటిని చూపిస్తే జనంలో చైతన్యం రాదు మార్లిస్."

"మూత గట్టిగా పెట్టావా?"

"మూడు చుట్లు తిప్పాను."

సీసా చేతులు మారింది. అందరూ చైతన్యం పొంది, కేకు తిని, చేతులు తుడుచుకున్నారు. కమిషనర్ గారు సీసా పట్టుకుని బండెక్కబోతుంటే వెర్లిన్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సీసాలో నీళ్ళున్నాయి సార్."

"అది నమూనా, వెర్లిన్."

"సెక్షన్ రెండులో నమూనా అనే మాట లేదు సార్."

ఫొటోలకని వచ్చిన పేపరమ్మాయి కెమెరా ఎత్తింది. కమిషనర్ గారు కెమెరాని చూశారు, టై సర్దుకున్నారు. "చట్టం ముందు అందరూ ఒకటే" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీళ్ళు ఒంపేసి చిప్పలు ఉంచుకుంటాను" అన్నారు.

"సెక్షన్ ఒకటి సార్. అవి రోడ్డెక్కకూడదు."

"పోనీ చెత్తడబ్బాలో వేద్దాం."

"చెత్తబండి కూడా రోడ్డుమీదే పోతుంది సార్."

"మరి పొద్దున నేను రోడ్డుమీదే కదయ్యా తెచ్చాను?"

"నా డ్యూటీ తొమ్మిదికి సార్. తమరు ఎనిమిదిన్నరకే వచ్చేశారు."

కమిషనర్ గారు రేవు చివరిదాకా నడిచి, మూత మూడు చుట్లూ వెనక్కి తిప్పారు.

మా వైపు ఎవరూ ఎవరినీ మొహాన తప్పుపట్టరు. "ఇదేదో కొత్తగా ఉందే" అన్నాను నేను, కాస్త గట్టిగానే. మాలో అంతకు మించిన తిట్టు లేదు. మార్లిస్ మాత్రం కాఫీ కూజా కింద పెట్టి, "అక్కడ కాదు డ్వేన్, అక్కడ వద్దు" అంటూ పరిగెత్తింది. ఆవిడ మోకాళ్ళు మంచివి కావు. చేరుకునేసరికి సీసా సరస్సులోకి ఖాళీ అయింది. జనం చప్పట్లు కొట్టారు.

మార్లిస్ ఇంట్లోకెళ్ళి నూడుల్స్ వార్చే చిల్లుల గిన్నె తెచ్చింది. బూట్లతోనే మోకాల్లోతు నీళ్ళలోకి దిగి, అరగంట వంగి వెతికింది. తొమ్మిది దొరికాయి. ఆ సీసా నీళ్ళలో ఉన్న పిల్లలు ఏ చిల్లుల గిన్నెకీ దొరికేవి కావు. ఒడ్డెక్కగానే వెర్లిన్ గారు ఆవిడ బూట్లూ గిన్నే తీసుకుని ఎండలో పెట్టారు. "ఐదు రోజులు మార్లిస్, ఏమనుకోకు" అన్నారు. ఆవిడ తొమ్మిది చిప్పల్నీ ఏప్రన్‌లో మూటకట్టుకుని గడ్డిలోంచి వట్టికాళ్ళతో ఇంటికి వెళ్ళింది. ఇల్లు ఒడ్డునే ఉంది కాబట్టి సరిపోయింది. రోడ్డెక్కి ఉంటే కేసయ్యేది.

వారం తిరక్కుండా పేపర్లో మొదటి పేజీలో ఫొటో వేశారు. ఖాళీ సీసాతో కమిషనర్ గారు, ఆయన వెనక నీళ్ళలో వంగిన ఓ వీపు. కింద ఇలా ఉంది: "చట్టానికి తలవంచిన కమిషనర్. స్వచ్ఛమైన సరస్సును ఆస్వాదిస్తున్న స్థానికురాలు."

ఇది జరిగి మూడో ఏడు. రెండేళ్ళలో తడి పాత్ర ఒక్కటీ రేవు దాటనందుకు వెర్లిన్ గారికి ఇత్తడి పలక ఇచ్చారు. మార్లిస్ ఎనిమిది ఇళ్ళలో ఐదింటి కిటికీలకి చెక్కలున్నాయి. మిగిలిన మూడింటి కోసం ఆవిడ నీళ్ళ అంచున ఓ చెక్కపెట్టె పెట్టింది. నిండా అన్ని సైజుల రబ్బరు బూట్లు. మూత లోపలివైపు రాసింది: "తొడుక్కుని దిగండి."

మొన్న మే శనివారం ప్రారంభోత్సవానికి కమిషనర్ గారు మళ్ళీ వచ్చారు. చేతిలో అదే సీసా.

"ఈసారి ఖాళీగా తెచ్చాను మార్లిస్. హాల్వర్ దాకా పోయే పని తప్పింది. వంగితే చాలు, దొరుకుతాయి."

"అవును డ్వేన్, దొరుకుతాయి."

పేపరమ్మాయి కెమెరా సిద్ధం చేసుకుంది. కమిషనర్ గారు బూట్లు విప్పారు. మేజోళ్ళు విప్పి బూట్లలో కుక్కారు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచారు. తెల్లటి, మెత్తటి పాదాలు.

"నీళ్ళెలా ఉన్నాయి?" అని అడిగారు.

"బాగానే ఉన్నాయి" అంది మార్లిస్. చప్పుడు కాకుండా పెట్టె మూత వేసి, దానిమీద కూర్చుంది. కొంచెం జరిగి నాకూ చోటిచ్చింది. కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేనూ కూర్చున్నాను.