వార్తల్లో నవ్వు

దేశ ప్రజలకు ఎంతో సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మన మూడో యుద్ధం కూడా మొదటి రెండింటి లాగే దిగ్విజయంగా సాగుతోంది. మొదటి రెండూ ఇంకా అయిపోలేదు కాబట్టి మూడింటినీ ఒకే మంత్రిగారు చూసుకుంటున్నారు. దీనివల్ల ఖజానాకు రెండు కుర్చీల ఖర్చు కలిసొచ్చింది. ఈ పొదుపును మెచ్చుకోనివాణ్ణి దేశద్రోహి అని తొందరపడి అనకూడదు. అరెస్టు చేశాక అంటే సరిపోతుంది.

ఈ సంగతులన్నీ సాయంత్రం ఎనిమిదింటికి సర్కారు టీవీలోనూ రేడియోలోనూ చదివే ఆవిడ ఒకరున్నారు కదా, ఈ కథ ఆవిడది. ఆవిడ ముఖం జాతి ఆస్తి. ప్రభుత్వాలు పడినా, ధరలు లేచినా ఆ కనుబొమ కదిలేది కాదు. ఆర్థికమంత్రిగారు పదవిలో ఉండగానే పరాయి దేశానికి పారిపోయి, అక్కణ్ణుంచే ఫోనులో బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజున కూడా ఆవిడ గొంతు వణకలేదు. "మీ ముఖం చూస్తే కొండంత ధైర్యం తల్లీ" అంటూ కూరగాయలమ్మే ఆవిడ నాలుగు మిరపకాయలు కొసరు వేసేది.

ముఖం సంగతి అలా ఉంటే, లోపలి సంగతి ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి మంచం అంచున అలాగే కూర్చుండిపోయేది. ఏ యుద్ధం ఎవరితోనో, ఏ మంత్రి పొద్దున ఏ పార్టీయో సాయంత్రానికి ఏ పార్టీయో, నిన్నటి మిత్రదేశం ఇవాళ ఏమైందో, అంతా బుర్రలో గిర్రున తిరిగేది. భర్త తెలివైనవాడు. రెండో యుద్ధం మొదలైన రోజే వార్తలు మానేసి, గదిలో పాత గడియారాలు విప్పుకుంటూ కూర్చున్నాడు. అత్తగారు మాత్రం టీవీ ముందు నుంచి కదలరు. కోడలు చదివి వచ్చిన వార్తల్ని మళ్ళీ కోడలికే పూసగుచ్చినట్టు చెప్పేవారు.

అసలు దిగులు తమ్ముడి గురించి. ఒక్కగానొక్క తమ్ముడు. మూడో యుద్ధంలో సరిహద్దు ఏటికి అవతల ఉన్న దళంలో ఇరుక్కున్నాడు. వెళ్ళిన దగ్గర్నుంచి ఫోను లేదు, కబురు లేదు.

ఆ సాయంత్రం చదవాల్సిన కాగితాలు మామూలుగానే చేతికొచ్చాయి. మొదటి వార్త: "సరిహద్దు ఏటి మీది వంతెనను మన వీరులు ఒక్క దెబ్బతో నేలమట్టం చేశారు. ప్రధానిగారు హర్షం వెలిబుచ్చారు." చదివింది. రెండో వార్త: "ఏటి అవతలి నుంచి మన దళాలు తిరిగి రావడానికి ఉన్న ఒకే ఒక్క వంతెనను ఎవరో దుర్మార్గులు కూల్చివేశారు. ప్రధానిగారు తీవ్రంగా ఖండించారు. దుర్మార్గులెవరో కనిపెట్టేందుకు, వంతెన కూల్చిన సేనాధిపతిగారి అధ్యక్షతన కమిటీ వేశారు."

చదువుతూ సగంలో ఆగింది. అవతల ఉన్నది తమ్ముడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుందామని పళ్ళు బిగించింది. పళ్ళ సందుల్లోంచి బయటికొచ్చింది మాత్రం నవ్వు. కిసుక్కుమని మొదలై, బల్ల పట్టుకుని ఊగిపోయేదాకా వచ్చింది. ప్రసారం ఆపాల్సినాయన తనూ నవ్వలేక పొట్ట పట్టుకుని కింద కూర్చుండిపోవడంతో ఆ నవ్వు దేశం నలుమూలలా యథాతథంగా చేరింది.

డైరెక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. "ఏమిటమ్మా ఆ ఇకిలింపు? ఉద్యోగం ఊడగొట్టుకుంటావా?"

"ఏడుపొచ్చిందండీ."

"ఏడుపొస్తే ఏడవాలి గానీ!"

"ఏడవబోతేనేనండీ ఇలా అయింది," అని మళ్ళీ పకపకా నవ్వింది.

ఇంటికెళ్తే అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "అమ్మాయ్, ఎన్నాళ్ళకి అర్థమయ్యేలా చదివావే!" అన్నారు.

మర్నాడు పొద్దున ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. మధ్యాహ్నానికి మళ్ళీ తీసుకున్నారు. ఈలోగా తెలిసిందేమంటే, ముందు రోజు వార్తలయ్యేదాకా దేశంలో ఒక్కరు కూడా టీవీ కట్టెయ్యలేదట. ఇలాంటిది స్వాతంత్ర్యం వచ్చాక ఎన్నడూ జరగలేదు. యుద్ధమంత్రిగారు వెంటనే సభ పెట్టి గంభీరంగా సెలవిచ్చారు: "సోదర సోదరీమణులారా! నవ్వే జాతిని ఓడించే ఆయుధం ఇంకా పుట్టలేదు. మన దగ్గర తూటాలు అయిపోయాయని శత్రువు అనుకుంటున్నాడు. నిజమే, అయిపోయాయి. కానీ పళ్ళున్నాయి!"

చప్పట్లు మిన్నంటాయి. ఆ రోజు నుంచి వార్తల్లో నవ్వు తప్పనిసరి. వాతావరణం చెప్పేవాడు తుపాను దగ్గర నవ్వాడు. రొట్టెల క్యూలో జనం, రొట్టెలు లేవని బోర్డు పెట్టగానే క్రమశిక్షణతో నవ్వారు. నవ్వు రానివారికి ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఇచ్చారు. ప్రతిపక్షం ఊరుకుందా? అసలు ఈ దేశాన్ని ముందుగా నవ్వులపాలు చేసింది తమ ప్రభుత్వమేనని, ఆ ఘనత తమకే దక్కాలని ధర్నా చేసింది.

ఆవిడకు శిక్షణ అక్కర్లేకపోయింది. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టు చదివితే చాలు, నవ్వు దానంతటదే వచ్చేది. ఇంటికొచ్చాక కూడా ఆగేది కాదు. "తమ్ముడు, అత్తయ్యా..." అనబోయినా నవ్వే. అత్తగారు వీపు నిమురుతూ, "నీ నవ్వు చూస్తే నాకు భయమేస్తోందే తల్లీ," అని కళ్ళొత్తుకునేవారు.

ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే తమ్ముడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద, ఒక కాలికే బూటు.

"అక్కా, ఆకలేస్తోంది," అన్నాడు. "అన్నట్టు యుద్ధం అయిపోయిందిగా?"

"ఎవర్రా చెప్పింది?"

"నువ్వే! రేడియోలో నీ నవ్వు విన్నాం. మా అక్క వార్తల్లో అలా నవ్విందంటే యుద్ధం అయిపోయినట్టేరా అన్నాను. అందరం తుపాకులు అక్కడే పడేసి ఏట్లో దిగాం."

"అవతలివాళ్ళు కాల్చలేదూ?"

"వాళ్ళకి మాత్రం రేడియో లేదా? వాళ్ళూ విని ఇళ్ళకి పోయారు. అయినా ఆ ఏరు మోకాలి లోతే అక్కా. దాని మీద వంతెన ఎందుకు కట్టారో ఎవడికీ తెలీదు."

అప్పుడు ఆవిడకు ఏడుపొచ్చింది. అచ్చమైన ఏడుపు. తమ్ముడి మాసిన చొక్కా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. భర్త గడియారం ముల్లు చేత్తో పట్టుకునే గదిలోంచి బయటికొచ్చాడు. అత్తగారు గబగబా పొయ్యి వెలిగించారు.

ఆ సాయంత్రపు ప్రకటన ఆవిడే చదివింది: "మన దళాలు ఇంటి దిశగా మెరుపుదాడి జరిపి, ఎవరి ఇంటిని వారు స్వాధీనం చేసుకున్నాయి." ఇరువైపులా కొట్టుకోవడానికి మనుషులు మిగలనందున మూడో యుద్ధం పొరపాటున ముగిసింది. ఆవిడ నవ్వలేదు. చక్కగా, నిదానంగా చదివి ఇంటికెళ్ళింది.

రెండ్రోజులకు వీధి వీధంతా వాళ్ళింటికి వచ్చింది. మంగలి, రిటైరైన లెక్కల మాస్టారు, కూరగాయలమ్మే ఆవిడ, అందరూ. కుర్రాణ్ణి దీవించడానికి వచ్చారనుకుని అత్తగారు కుర్చీలు వేశారు. తమ్ముడు అన్నం తింటూ లేవబోయాడు.

"కూర్చో బాబూ, కడుపునిండా తిను," అన్నారొక పెద్దమనిషి. గొంతు సవరించుకున్నారు. "క్షేమంగా వచ్చావు, చాలా సంతోషం. ఇంతకీ మళ్ళీ ఎప్పుడు?"

"ఏమిటండీ?"

"అదే, యుద్ధం. ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ కూర్చుని హాయిగా నవ్వుకునేవాళ్ళం. మిగతా రెండింట్లో ఆ సరదా లేదు. రెండ్రోజులుగా ఏమీ తోచి చావట్లేదు నాయనా."

తమ్ముడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. అందరూ అవునన్నట్టు తలలూపారు. ఆ పెద్దమనిషి ఎవరన్నది నేను బయటపెట్టను. తమరు అంత ముచ్చటగా అడిగాక, తమరి పేరు బయటపెట్టడం మర్యాద కాదు.